సెంటులో పదో వంతు

ఆ పంపును తయారుచేసినవాడికి పెట్రోలు ఎప్పటికైనా గ్యాలన్ డాలరు దాటుతుందని కలలో కూడా తోచి ఉండదు. అందుకే దాని పొట్టలో ధర కోసం మూడే మూడు చక్రాలు పెట్టాడు. పదుల సెంట్లకు ఒకటి, విడి సెంట్లకు ఒకటి, సెంటులో పదో వంతులకు ఒకటి. మూడూ తొమ్మిది దగ్గరికి వచ్చాక ఇంకా పైకి వెళ్ళమంటే వాటికి దారి లేదు. 1979 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్న, ఇండియానాలో వేవర్లీ ఫోర్క్ అనే ఊళ్ళో, డ్వైట్ క్రౌడర్ బంకు దగ్గర ఆ రోజు రానే వచ్చింది.

టోకు కంపెనీ నుంచి ఫోను రాగానే డ్వైట్ పొడుగు కర్ర తీసుకుని రోడ్డు పక్క స్తంభం మీది బోర్డులో అంకెలు మార్చాడు. ఒకటి, సున్నా, సున్నా. వాటి పక్కన పైమూలకు చిన్నగా ఉండే తొమ్మిదిని మార్చాల్సిన పని లేదు. దాన్ని రేకు మీద రంగుతోనే రాసేశారు. గ్యాలన్ ఇరవై తొమ్మిది సెంట్లున్న రోజుల్లోనూ అది అక్కడే ఉంది. సెంటులో తొమ్మిది పదో వంతులని దానర్థం. సెంటు కంటే చిన్న నాణెం ఎవరి జేబులోనూ ఉండదు, ఏ బ్యాంకుకు వెళ్ళినా ఇవ్వరు. అయినా దేశంలో ప్రతి బంకు మీదా ఆ తొమ్మిది పళ్ళికిలిస్తూ కూర్చునే ఉంటుంది. నూటొకటి అని రాస్తే జనం ఆగరట, నూరు కనిపిస్తే ఆగుతారట. మనిషిని వెర్రివాణ్ణి చెయ్యడానికి అంత చిన్న అంకె చాలునని కనిపెట్టినవాడు మహా గట్టివాడే అయి ఉండాలి.

వెర్నా స్టకీ అప్పటికే పంపు తాళం తీసి ముఖం రేకు విప్పుతోంది. ఆమెకు నలభై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ బంకులో పెట్రోలు పోస్తోంది, ఆయిలు చూస్తోంది, కార్ల అద్దాలు తుడుస్తోంది. ధర మారినప్పుడల్లా లోపలి చక్రాలు మార్చేదీ ఆమే. డ్వైట్‌కు ఆ పని చేతకాదు. రెండేళ్ళ కిందట ఒకసారి తనే పూనుకుని ఒక చక్రం పన్ను విరగ్గొట్టి, మెకానిక్‌కు నలభై డాలర్లు పోసుకున్నాక మళ్ళీ దాని జోలికి పోలేదు.

డాలరు దాటిన ధరను పాత పంపులతో ఎలా అమ్మాలో కంపెనీవాళ్ళే చెప్పారు. పంపులో సగం ధర పెట్టండి, చివర్లో కనిపించే మొత్తాన్ని రెట్టింపు చేసి తీసుకోండి అన్నారు. వెర్నా మొదటి చక్రాన్ని అయిదు మీదికీ రెండో చక్రాన్ని సున్నా మీదికీ తెచ్చింది. అవి వారం వారం తిరిగేవే కనుక వేలు తగిలితే కదిలాయి. మూడోది అలా కాదు. పంపు పాతిన నాటినుంచి తొమ్మిది మీదే ఉండిపోయింది. దాని చుట్టూ గ్రీజు ఎండి ముదురుపాకంలా గట్టిపడింది. కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, గోటితో గీకి, పావుగంట బతిమాలితే గానీ అది కదల్లేదు. కదిలాక వెర్నా చెయ్యి ఆగిపోయింది. తొమ్మిదిలో సగం నాలుగున్నర. చక్రం మీద నాలుగుంది, అయిదుంది, మధ్యలో ఏమీ లేదు.

ఆమె తల బయటికి పెట్టి డ్వైట్‌ను పిలిచి అడిగింది, నాలుగు వెయ్యనా అయిదు వెయ్యనా అని.

"అయిదే. ఇందులో అడగడానికేముంది?"

"రెట్టింపు చేస్తే నూటొకటి అవుతుంది. బోర్డు మీద నూరూ తొమ్మిది వంతులే ఉంది. బోర్డు కంటే ఎక్కువ తీసుకున్నట్టు."

"ఎంత ఎక్కువ?"

"సెంటులో పదో వంతు."

డ్వైట్ అరచెయ్యి చాపి ఆమె ముఖం ముందు పెట్టాడు. "ఏదీ, ఆ పదో వంతు ఇందులో పెట్టి చూపించు. చూపిస్తే నాలుగే వేద్దాం."

అలాగైతే బోర్డు మీది తొమ్మిదికి రంగు పూసేసి నూటొకటి అనే రాయమంది వెర్నా. డ్వైట్ నవ్వాడు. ఎదురుగా బైపాస్ మీది బంకువాడు నూరు అని చూపిస్తుంటే నేను నూటొకటి అని చూపించి ఈగలు తోలుకోనా అన్నాడు. పైకి వెయ్యమనేదీ అతనే, పైకి వేసినట్టు కనపడకూడదనేదీ అతనే. వెర్నా ఇంకో మాట అనబోయి, ఊరుకుంది. ఆమె భర్త లోవెల్‌ను మార్చిలో కుర్చీల ఫ్యాక్టరీ ఇంటికి పంపేసింది. ఇంట్లోకి వచ్చే జీతం ఇదొక్కటే. ఆమె చక్రాన్ని అయిదు మీదికి తిప్పి, రేకు బిగించి, తాళం వేసింది. రెండో పంపుకూ అలాగే చేసింది. ఆ తరువాత అట్టముక్క మీద పెద్దక్షరాలతో 'పంపు చూపేది సగం, దయచేసి రెట్టింపు ఇవ్వండి' అని రాసి అంటించింది.

ఆ రెండు రోజులూ ఆమె నోరు నొప్పెట్టింది. కనిపించినంతే చేతిలో పెట్టి బండి కదిలించేవాళ్ళు కొందరు, రెట్టింపంటే దోపిడీ అని దెబ్బలాడేవాళ్ళు కొందరు. దేశమంతా పెట్రోలు కొరత కావడంతో బండికి పది గ్యాలన్లే అని డ్వైట్ ఇంకో బోర్డు పెట్టాడు. ఆ పదికే వరస ధాన్యం గోదాము దాకా పోయేది. ఎండలో ఇంజన్లు ఆపి, తలుపులు తీసి, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నవాళ్ళు తమ వంతు వచ్చేసరికి గొట్టం కనపడితే చాలు, ఎంతైనా ఇచ్చేలా ఉండేవారు. పంపు అద్దం వెనక చిన్న కిటికీలో యాభై పక్కన ఏ అంకె ఉందో ఎవరూ చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం ఒకావిడ చూసింది. ఆవిడ ఇమోజీన్ లస్క్, ఊళ్ళో సగంమందికి ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన టీచరు. రిటైరై పదేళ్ళయింది. గంటంపావు వరసలో కూర్చుని వచ్చినా వీపు సీటుకు ఆనించలేదు. వెర్నా పది గ్యాలన్లు పోసి గొట్టం తగిలించేలోగా ఆవిడ కారు దిగి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని పంపు దగ్గర నిలబడింది. చేతిలో పది డాలర్ల నోటు, దాని మీద అయిదు సెంట్ల బిళ్ళ ఒకటి, సెంటు బిళ్ళలు నాలుగు. బోర్డు చూసి వరసలో ఉండగానే లెక్క కట్టి సిద్ధం చేసుకున్న డబ్బు.

"పది డాలర్ల పది సెంట్లు, టీచర్‌గారూ," అంది వెర్నా.

"తొమ్మిది సెంట్లమ్మా. బోర్డు అలా చెబుతోంది. నీ పంపేమో యాభై సెంట్ల అయిదు వంతులంటోంది. రెండూ ఒకటి కాదు కదా." ఆవిడ గొంతు పెంచలేదు. తరగతిలో ఎవరైనా తప్పు అంకె వేస్తే బోర్డు దగ్గర పక్కన నిలబడి ఎలా అనేదో అలాగే అంది. "సగం చేసిందెవరు?"

"నేనే," అంది వెర్నా. అక్కడితో ఆపింది. ఆపకుండా, డ్వైట్ అయిదు వెయ్యమన్నాడు అని ఇంకో మూడు మాటలంటే సరిపోయేది.

వెనక పికప్‌లోంచి బర్ల్ టాకెట్ హారన్ మీద మోచెయ్యి పెట్టాడు. పందుల దాణా అమ్మే మనిషి, ఎప్పుడూ తొందరే. ఏం జరుగుతోందని తల బయటికి పెట్టి అడిగాడు. ఆ చప్పుడుకు డ్వైట్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ షెడ్డులోంచి వచ్చాడు. సంగతి విన్నాడు. విని, వరసంతటికీ వినపడేలా, టీచరమ్మగారికి ఒక సెంటు తక్కువైందట అన్నాడు. జేబులో చెయ్యి పెట్టి, ఒక సెంటు బిళ్ళ తీసి, రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఏం ఫర్వాలేదు, ఈ ముసలమ్మ అప్పు నేను కడుతున్నాను. పింఛను డబ్బులు, పాపం. ఇంకెవరికైనా ధర్మం కావాలా?"

నవ్వులు పంపు దగ్గరనుంచి వెనక్కి ఒక్కో కారే దాటుకుంటూ వెళ్ళాయి. బర్ల్ అందరికంటే పెద్దగా నవ్వాడు. డ్వైట్ బిళ్ళను వెర్నా నడుముకున్న చిల్లర సంచిలో పడేసి ఆమె ముఖంలోకి చూశాడు. వెర్నా పెదాలు వాటంతట అవే కొంచెం విచ్చుకున్నాయి. నవ్వు రాలేదు గానీ నవ్వినట్టే ఉంది. మిస్ లస్క్ అది చూసింది. చేతిలో ఉన్న డబ్బు వెర్నాకు ఇచ్చి, మూత సరిగ్గా బిగించావా అని అడిగి, కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అంట్లు తోముతూ వెర్నా రెండుసార్లు పెదాలు తుడుచుకుంది. జన్మంతా నిజాయితీగా బతికిన మనిషిని నడిరోడ్డు మీద బిచ్చగత్తెను చేశారు. చేసిన దొంగ దర్జాగా నిలబడ్డాడు, తనేమో పక్కన నిలబడి పళ్ళికిలించింది. తలుచుకున్నకొద్దీ ఒళ్ళు మండింది. డ్వైట్ మీద మండిందా, తన మీద మండిందా అని విడదీసి చూసుకునే ఓపిక లేదు ఆమెకు.

శుక్రవారం పదింటికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆర్లో ఫెంట్రెస్ అని, బక్కపలచని మనిషి. ఎవరో ఉత్తరం రాశారని మాత్రం చెప్పాడు. ఎవరు రాశారో అడగాల్సిన పని లేకపోయింది. వ్యానులోంచి మెడ సన్నగా ఉన్న అయిదు గ్యాలన్ల ఉక్కు పాత్ర దించి, మట్టం చూసి నిలబెట్టి, పెట్రోలు పట్టించాడు. మెడ మీది గీతకు సరిగ్గా వచ్చింది. ఆ పెట్రోలు మళ్ళీ టాంకులో పోసేసి, రెండో పంపుతోనూ అలాగే చూశాడు. అదీ సరిగ్గానే వచ్చింది. డ్వైట్ చేతులు కట్టుకుని, నా కొలతకు ఇరవయ్యేళ్ళుగా వంక లేదన్నాడు. ఫెంట్రెస్ తల ఊపి పంపు అద్దంలోకి ఒకసారి చూశాడు. తరువాత రోడ్డు దాకా నడిచివెళ్ళి, స్తంభం కింద నిలబడి తలెత్తి బోర్డు చూశాడు. తిరిగొచ్చి వ్యానులోంచి రెండు ఎర్రచీటీలు తెచ్చి, రెండు పంపుల గొట్టాలకూ తీగతో కట్టి సీలు వేశాడు.

వరసలో అప్పటికి ముప్ఫై బండ్లున్నాయి. ఎర్రచీటీలు చూడగానే ముందువాళ్ళు దిగి నిలబడ్డారు.

"సెంటులో పదో వంతు కోసమా?" అన్నాడు డ్వైట్.

"బోర్డు కంటే ఎక్కువ, అంతే," అన్నాడు ఫెంట్రెస్. రేపు ఎనిమిదింటికి వస్తానని, ఈలోగా చక్రాలు సరిచేసి పెడితే సీలు తీస్తానని చెప్పాడు. తరువాత అట్టకు క్లిప్పుపెట్టిన ఫారం తీశాడు. మూడు కాగితాలు, మధ్యలో కార్బన్లు. పొరపాటున జరిగితే హెచ్చరికతో పోతుంది, తెలిసి చేస్తే జరిమానా, కోర్టు. చక్రాలు వేసినవాళ్ళు తమ చేత్తో రాసి సంతకం పెట్టాలి.

డ్వైట్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మా వెర్నా వేసింది. మంచి మనిషే, కానీ లెక్కల్లో కొంచెం మందం. తొమ్మిదిని సగం చెయ్యమంటే ఏం చేస్తుంది పాపం."

అని, ఒక్క నిమిషమని ఫెంట్రెస్‌కు చెప్పి, వెర్నాను టైర్ల వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ గొంతు తగ్గించి, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాడు. పొరపాటని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఏమీ కాదు. వచ్చే వారం నుంచి గంటకు పది సెంట్లు పెంచుతాను. లోవెల్‌కు కూడా షెడ్డులో ఏదో ఒక పని చూస్తాను. లెక్క రాదంటే నీకు పోయేదేముంది, నువ్వేమన్నా టీచరువా?

వెర్నా అతని చెయ్యి భుజం మీంచి తీసేసింది. ముప్ఫై అయిదేళ్ళ కిందట మిస్ లస్క్ దగ్గర ఆరో తరగతిలో భిన్నాలన్నీ తప్పు లేకుండా చేసిన పిల్ల ఆమె ఒక్కతే. ఆ సంగతి డ్వైట్‌కు తెలియదు, తెలిసినా అతనికి అది సంగతి కాదు. కానీ ఆ కాగితం జిల్లా ఆఫీసుకు వెళుతుంది. ఉత్తరం రాసిన మనిషికి జవాబు వెళుతుంది. వెర్నా స్టకీకి సగం చెయ్యడం రాదట అని ఆవిడ చదువుకుంటుంది. చదివి నమ్ముతుంది కూడా, బుధవారం తన నోటితో నేనే అని చెప్పింది కదా. కాదని రాస్తే సోమవారం నుంచి పని ఉండదు. రెండూ ఆమెకు స్పష్టంగా కనిపించాయి. ఆమె తిరిగి వెళ్ళి, కారు బానెట్ మీద అట్ట పెట్టుకుని రాసింది. మధ్యలో ఆగలేదు.

'సగం చెయ్యడం నాకు వచ్చు. తొమ్మిదిలో సగం నాలుగున్నర. చక్రం మీద నాలుగున్నర లేదు. నాలుగా అయిదా అని అడిగాను. అయిదు వెయ్యమన్నాడు. ఎక్కువవుతుందని చెప్పాను. అయినా వెయ్యమన్నాడు. ఎక్కువని తెలిసే వేశాను. వెర్నా స్టకీ.'

ఫెంట్రెస్ చదివాడు. చివరి వాక్యం మీద పెన్ను ఆనించి, ఇది రాస్తే నీ పేరు కూడా కోర్టు కాగితంలోకి ఎక్కుతుందమ్మా, కొట్టేస్తావా అని అడిగాడు.

"వేసింది నేనే కదండీ. ఉండనివ్వండి."

అతను కాగితాలు విడదీశాడు. ఒకటి తను తీసుకున్నాడు, ఒకటి డ్వైట్‌కు ఇచ్చాడు, మూడోదాన్ని జిగురు రాసి పంపు అద్దం పక్కన అంటించాడు. ఫిర్యాదు తీరేదాకా అది అక్కడే ఉండాలి, చింపితే అదింకో కేసు.

డ్వైట్ తన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తేలు కుట్టిన దొంగకు అరవడానికి కూడా వీలుండదు, ఇన్‌స్పెక్టరు ఎదురుగా ఉన్నాడాయె. వ్యాను మలుపు తిరిగాక చెయ్యి చాపి, తాళంచెవి ఇవ్వు, చిల్లర సంచి ఇవ్వు, నీ ముఖం ఇంక చూపించకు అన్నాడు. వెర్నా రెండూ ఇచ్చేసింది.

అప్పటికి పది పదిహేనుమంది పంపు చుట్టూ చేరి ఆ కాగితం చదువుతున్నారు. వీళ్ళకోసమే కదా రాసింది అని వెర్నా లోపల ఎక్కడో అనుకునే ఉంటుంది. ఒకరైనా డ్వైట్ వైపు తిరిగి ఇదేమిటయ్యా అని అడుగుతారని ఆశ పడే ఉంటుంది. బర్ల్ టాకెట్ చదవడం ముగించి ఆమె వైపు తిరిగాడు.

"అంటే పదో వంతు సెంటు కోసం నన్ను రేపటిదాకా ఇక్కడ పడుకోమంటావా? నీకేమన్నా బుర్ర ఉందా?"

అవతలినుంచి ఒకామె, మా పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, ఇప్పుడెలా పోతాను, ఆ పదో వంతు నువ్వు తెచ్చి పోస్తావా అంది. ఆ తరువాత ఎవరేమన్నారో విడివిడిగా వినపడలేదు. ఎవరూ డ్వైట్‌ను ఒక్క మాట అనలేదు. దోచుకున్నవాడు షెడ్డు నీడలో చల్లగా నిలబడ్డాడు, దోపిడీ జరిగిందని చెప్పిన మనిషి మీద ఊరంతా పడింది. వెర్నా వాళ్ళ మధ్యనుంచి నడిచి తన కారు దాకా వెళ్ళింది.

మొక్కజొన్న రొట్టె, బీన్స్ ముందు పెట్టుకుని లోవెల్ అంతా విన్నాడు. తరువాత మెల్లగా, తప్పని కాదు గానీ, నాకు పని దొరికేదాకా ఆగి రాయలేకపోయావా అన్నాడు.

"సోమవారం ఆగాను. బుధవారం ఆగాను. ఆగి ఆగి ఆవిడ ముందు నవ్వాను కూడా," అంది వెర్నా. లోవెల్ లేచి ఆమె పళ్ళెం కూడా తనే కడిగాడు.

శనివారం ఏడింటికి ఇంటి ముందు డ్వైట్ లారీ ఆగింది. అతను మెట్లెక్కలేదు. కిందనే నిలబడి టోపీ తీశాడు. మోచేతుల దాకా గ్రీజు, కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. తెల్లారకముందే వచ్చి మూడో చక్రాన్ని తిప్పబోయాడట, ఏడు దగ్గర ఇరుక్కుపోయిందట. మెకానిక్‌కు ఫోను చేస్తే రాష్ట్రంలో ప్రతి బంకుకూ ఇదే గోల, పై గురువారం వస్తానన్నాడట. ఎనిమిదింటికి ఫెంట్రెస్ వస్తాడు. వరస గోదాము దాటి చర్చి దాకా ఉంది.

"నిన్న కోపంలో ఏదో అన్నాను. రా, నీ పని నీకే ఉంది. పది కాదు, పదిహేను సెంట్లు పెంచుతా."

"నాకు సెంట్లొద్దు," అంది వెర్నా. "చక్రం తిప్పి పెడతాను. మొదటి కారు పక్కన నిలబడి, అయిదు వెయ్యమన్నది నేనే అని మీ నోటితో చెప్పండి. వెర్నాకు లెక్క వచ్చు అని కూడా చెప్పండి. పిసరు తగ్గినా తిరిగొచ్చేస్తాను."

"కాగితం అంటించే ఉంది కదా, ఇంకా ఎందుకు?"

"అది నేను రాసింది. బుధవారం మీరు ఆవిణ్ణి అన్నది నోటితో."

డ్వైట్ టోపీ రెండుసార్లు చేతిలో తిప్పాడు. తరువాత సరే అన్నాడు. లారీ ఎక్కమంటే వెర్నా ఎక్కలేదు. తన కారులోనే వెనక వచ్చింది. పెట్రోలు సూది ఎర్రగీత కింద పడుకుని ఉంది, రెండు మైళ్ళు కూడా వస్తుందో రాదో అనిపించింది. కారును చర్చి దగ్గర వరస చివర నిలిపి, అక్కడినుంచి నడిచింది. కార్లలో ఉన్నవాళ్ళు ఆమెను చూసి చూపు తిప్పుకున్నారు. ఒకాయన కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు. ముందువరసలో బర్ల్ టాకెట్ మూడోవాడు, రాత్రంతా బండిలోనే ఉన్నట్టున్నాడు, గడ్డం మాసి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఫెంట్రెస్ వ్యాను వచ్చి ఆగింది. వెర్నా పంపు పక్కన నిలబడి డ్వైట్ వైపు చూసింది. అతను మొదటి కారు దగ్గరికి వెళ్ళి, నేల చూస్తూ, అయిదు వెయ్యమన్నది నేనే అని గొణిగాడు.

"వెనకవాళ్ళకు వినపడలేదు," అంది వెర్నా.

డ్వైట్ మెడ దగ్గరనుంచి పైదాకా ఎర్రబడ్డాడు. అయినా గొంతెత్తాడు. "అయిదు వెయ్యమన్నది నేనే. ఎక్కువవుతుందని తను చెప్పింది. వెర్నాకు లెక్క వచ్చు."

"విన్నాం బాబూ, విన్నాం. ఇంక తెరువు," అని బర్ల్ బండిలోంచి అరిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఉమ్మెయ్యలేదు. ఒకరిద్దరు గడియారం చూసుకున్నారు. ఇంతేనా అనిపించింది వెర్నాకు. రాత్రంతా నిద్ర లేకుండా తలుచుకున్న మాట గాల్లోకి వచ్చి అర నిమిషంలో పోయింది.

ఆమె రేకు విప్పింది. డ్వైట్ స్క్రూడ్రైవరుతో పొడిచిన గాట్లు చక్రం అంచున మెరుస్తున్నాయి. కిరసనాయిలు గుడ్డ పెట్టి, పన్ను విరగకుండా వెనక్కీ ముందుకీ వెంట్రుకవాసి జరుపుతూ పోయింది. ఫెంట్రెస్ పక్కన వంగి చూస్తున్నాడు. ఏడు కదిలింది, ఆరు వచ్చింది, అయిదు వచ్చింది. అయిదు దాటి నాలుగు దగ్గర టక్కుమని కూర్చుంది. రెండో పంపు సులువుగానే అయింది. ఫెంట్రెస్ సీలు తెంపి, ఎర్రచీటీలు జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి పంపు నెత్తిన పెట్టి, సోమవారానికి వేరే మనిషిని చూసుకోండి అని డ్వైట్‌తో చెప్పి వెర్నా వెనక్కి నడిచింది.

గంటన్నర పట్టింది వరస గోదాము దాకా జరగడానికి. వెర్నా ఇంజను వెయ్యలేదు. ముందు బండి కదిలినప్పుడల్లా దిగి, తలుపు పట్టుకుని భుజంతో తోసుకుంటూ వచ్చింది. కాసేపటికి పంపులు స్పష్టంగా కనిపించేంత దగ్గరికి చేరింది. ఆ రెండు పంపుల దగ్గరా డ్వైట్ ఒక్కడే పరుగులు పెడుతున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇవాళ వరస మరీ నత్తనడక నడుస్తోందేమిటని ఆమెకు అప్పటికే అనుమానంగా ఉంది. డ్వైట్ చేతకానితనం అనుకుంది మొదట.

కాదు. పెట్రోలు పోయించుకున్నవాడు డబ్బు తియ్యడం లేదు. దిగి పంపు దగ్గరికి వెళుతున్నాడు. వంగి ఆ కాగితం ముందు నిలబడుతున్నాడు. తరువాత అద్దంలో అంకెలు చూసి, మెడ వెనక్కి తిప్పి రోడ్డు మీది బోర్డు చూసి, మళ్ళీ అద్దంలోకి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకామె సిగరెట్ పెట్టె వెనక పెన్సిలుతో గుణకారం చేస్తోంది. ఆమె చేసినంతసేపూ డ్వైట్ చెయ్యి చాపి పక్కన నిలబడి ఉన్నాడు. అది అయ్యాక ఆమె మొదటి పంపు నుంచి రెండో పంపు దాకా నడిచివెళ్ళి, అక్కడి అంకె కూడా చూసి వచ్చి, అప్పుడు పర్సు తెరిచింది.

బర్ల్ పికప్ ఇంకా అక్కడే ఉంది. పోయించుకోవడం ఎప్పుడో అయిపోయింది. పంపు మీద అయిదు డాలర్ల నాలుగు సెంట్లుంది, డ్వైట్ పది డాలర్ల ఎనిమిది సెంట్లు అడుగుతున్నాడు, బర్ల్ ఇవ్వడం లేదు. బోర్డు ప్రకారం తొమ్మిది కావాలి కదా, ఎనిమిది ఎందుకయింది, ఎందులో ఎక్కడ తీస్తున్నావో చెప్పమంటున్నాడు. తక్కువే కదరా నీకు, పోరా అంటున్నాడు డ్వైట్. తక్కువైనా ఎందుకయిందో నాకు తెలియాలి, నీ మాట మీద నేను పోను అంటున్నాడు బర్ల్.

వెనక ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. బర్ల్ చూడకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. కాగితం మీది అక్షరాల కింద బొటనవేలు పెట్టుకుని, తొమ్మిదిలో సగం దగ్గర ఆపి, రెండో చేతి వేళ్ళు మొదటినుంచి మళ్ళీ మడవడం మొదలుపెట్టాడు.